ఊరు పెరిగినకొద్దీ జరిగిపోయిన పండ్ల మార్కెట్

ఏడో నిజాం తన రెండో కొడుకు మొజంజా పేరిట 1935లో కట్టించిన మొజంజాహీ మార్కెట్ రాతి భవనం హైదరాబాద్ నడిబొడ్డున ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అక్కడి పండ్ల టోకు వ్యాపారం మాత్రం 1986లో గడ్డిఅన్నారానికి, 2021 తర్వాత విజయవాడ రహదారి మీది బాటసింగారానికి తరలిపోయింది. దీన్ని ట్రాఫిక్ సమస్యగా చూడటం నగరవాసులకు అలవాటు. కానీ రైతు ఏడాది కష్టానికి ధర పలికేది ఆ మార్కెట్లోనే. మామిడి సీజన్లో తెల్లవారకముందే హమాలీలు కాయను కుప్ప పోస్తారు. కొనేవాడు పైవరస చూసి ఊరుకోడు. అడుగునుంచి నాలుగు కాయలు లాగి, మచ్చలు వెతికి, తొడిమ దగ్గర వాసన చూసి గానీ వేలం పాటకు దిగడు. పాటలో పదిమంది ఉంటే ధర ఎక్కుతుంది. ముగ్గురే ఉంటే వాళ్లు అన్నదే ధర. ఎండెక్కితే కాయ మెత్తబడుతుంది, ఇంటికి తిరిగి మోసుకెళ్లడం రైతు వల్ల కాదు. అందుకే తోపుడుబండి వ్యాపారి సైతం సులువుగా వచ్చిపోగలగాలి. దూరం పెరిగితే అతని ఆటో కిరాయి కొంత మన జేబుమీద, కొంత పాట తగ్గి రైతుమీద పడుతుంది.

గడ్డిఅన్నారంలో ఉన్న 22 ఎకరాలు చాలలేదన్నది నిజమే. సీజన్లో లారీలు దారి కట్టేసేవి. ఆ స్థలంలో ప్రభుత్వ ఆసుపత్రి కడతామంటే వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. ఔటర్ రింగు రోడ్డు దగ్గరైతే దూరపు లారీలకూ సుఖమే. తరలింపుతో నాకు పేచీ లేదు. ముందు ఖాళీ చేయించి, ఆనక వసతులు వెతికే పద్ధతితోనే పేచీ. 2020 లాక్‌డౌన్‌లో మార్కెట్‌ను హడావిడిగా నగర శివారులోని కొహెడకు పంపితే, మే నెల గాలివానకు రేకుల షెడ్లు కూలి జనం గాయపడ్డారు. వ్యాపారం మళ్లీ గడ్డిఅన్నారానికే వచ్చింది. తర్వాత బాటసింగారంలో దొరికిందీ లాజిస్టిక్ పార్కులో తాత్కాలిక చోటే. 2016లో వచ్చిన ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్ ఉండగా ఈ గొడవంతా ఎందుకని కొందరి ప్రశ్న. నిజామాబాద్ పసుపు ఆ దారిలో అమ్ముడవుతోంది కూడా. అయితే ఎండిన పసుపు కొమ్ము నెలలు ఆగుతుంది, మామిడికి అంత ఓపిక లేదు.

శాశ్వత మార్కెట్ కోసం కొహెడలో 178 ఎకరాలు అనుకున్నారు. గట్టి వేలం షెడ్లు, శీతల గిడ్డంగులు, రాత్రి రైతు నడుం వాల్చే చోటు, తెల్లవారుజామున నగరం నుంచి బస్సు సిద్ధమయ్యాకే ఈసారి పాత చోటుకు తాళం వేయాలి.