కడియం ఉంటే అమ్మేనా?

రోమన్లు అనగానే సీజర్లు, సైన్యాలు, రథాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ యుద్ధాల గొడవకన్నా పాంపే ఊరి కబుర్లే ఇష్టం. పొయ్యి మీద పెట్టిన గిన్నెలు పెట్టినట్టే దొరికిన ఊరు మరి!

ఇటలీలో నేపుల్స్ దగ్గర ఉందీ ఊరు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద కూరుకుపోయింది. 1748లో తవ్వకాలు మొదలుపెట్టారు. ఇప్పటికీ దాదాపు మూడో వంతు ఊరు మట్టి కిందే ఉంది.

చనిపోయినవాళ్ల శరీరాలు శిథిలమై, గట్టిపడ్డ బూడిదలో వాళ్ల ఆకారాన ఖాళీలు మిగిలాయి. 1863లో ఫియొరెల్లి అనే ఆయన వాటిల్లో ప్లాస్టర్ పోయించి అచ్చులు తీయించాడు. 1974లో ఒక ఇంట్లో దొరికిన నలుగురిలో ఒకరి దగ్గర అర కిలో పైగా బరువున్న బంగారు కడియం ఉంది, పక్కన పసివాడు. ఇంకేం... 'బిడ్డను ఎత్తుకుని పారిపోబోయిన తల్లి' అని అందరూ ఖాయం చేసేశారు. తీరా 2024లో ఎముకల్లోని డీఎన్‌ఏ పరీక్షిస్తే ఆ 'తల్లి' మగవాడని తేలింది. ఆ పిల్లవాడితో రక్తసంబంధమూ లేదు!

నగ పెట్టుకుంటే ఆడది, పిల్లాడు పక్కనుంటే అమ్మ... రెండువేల ఏళ్లనాటి వాళ్లని కూడా మనం ఈ కొలతతోనే చూస్తున్నామన్నమాట.

మరి పాంపేలో నిజంగా ఆడవాళ్లు ఏం చేశారు? వెతికితే పేర్లతో సహా కనిపిస్తారు.

యుమేకియా అనే పూజారిణి ఊరి నడిబొడ్డున పెద్ద భవనం కట్టించింది. 'సొంత డబ్బుతో' అని రాతి మీద చెక్కించింది కూడా. బట్టలు ఉతికి మెరుగుపెట్టే పనివారి సంఘం ఆమెకు విగ్రహం నిలబెట్టింది. జూలియా ఫెలిక్స్‌కి దాదాపు ఒక వీధి మేర ఆస్తి ఉండేది. స్నానశాల, దుకాణాలు, మేడ మీది గదులు ఐదేళ్లకి అద్దెకిస్తానని గోడ మీద ప్రకటన రాయించింది. మన 'టు లెట్' బోర్డు లాంటిదే! అసెలీనా పేరుతో చెప్పుకునే భోజన దుకాణం గోడ మీద ఎన్నికల రాతలున్నాయి. ఓటుహక్కు లేని ఆడవాళ్లు ఫలానా వారిని గెలిపించమని తమ పేర్లతో రాయించారు.

అంతా బాగానే ఉందనుకోకండి. ఆస్తి ఉన్నా, పెద్ద లావాదేవీలకి ఆడదానికి మగ సంరక్షకుడి అనుమతి కావాలి. ముగ్గురు పిల్లల్ని కన్న స్వతంత్ర స్త్రీకి మాత్రం అగస్టస్ చక్రవర్తి ఆ కట్టు తీసేశాడు. హక్కు దక్కాలంటే కాన్పులు లెక్కపెట్టుకోవాలన్నమాట! ఇక బానిసల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2023లో బయటపడ్డ ఒక రొట్టెల బట్టీకి ఇనుప కమ్మీల చిన్న కిటికీలే ఉన్నాయి. గాడిదలతో పాటు మనుషుల్నీ అక్కడ బంధించి తిరగలి తిప్పించారు. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు.

మనకీ ఆ ఊరికీ ఒక చిన్న బంధం ఉంది. 1938లో అక్కడ దంతపు బొమ్మ ఒకటి దొరికింది. ఒంటినిండా నగలతో మన దేశపు స్త్రీమూర్తి! ఇలాంటి బొమ్మలే శాతవాహనులు ఏలిన దక్కన్‌లో, తేర్, భోకర్దన్‌లలోనూ దొరికాయి. సముద్రం దాటి వెళ్లిన ఆ బొమ్మని ఎవరు కొన్నారో, ఏ ఇంటి అలంకారమో!

ఈసారి చరిత్ర పుస్తకం చదివేటప్పుడు గానీ, మ్యూజియంలో పిల్లలకి చూపించేటప్పుడు గానీ, 'ఈమె ఎవరి భార్య, ఎవరి తల్లి?' అని మాత్రమే అడగకండి. 'ఈమె ఏం పని చేసింది, ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంది?' అని కూడా అడగండి. యుమేకియా రాతి మీద చెక్కించుకుంది కాబట్టి మనకి తెలిసింది. చెక్కించుకోలేని వాళ్ల కోసం ఆ ప్రశ్న మనమే అడగాలి.