పెట్ట గుడ్లకొచ్చే నెల

కోడిపిల్లలను తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: ఇవి గుడ్లెప్పుడు పెడతాయి? దీనికి పుస్తకాలు చెప్పే జవాబు 20 వారాలు. జవాబు తప్పేమీ కాదు గానీ, సౌదీ అరేబియాలో దాన్ని నమ్ముకుని కూర్చుంటే లాభం లేదు. రియాద్ చుట్టుపక్కల, అల్ ఖర్జ్‌లో, బురైదా వైపు మజ్రాల్లోనూ (వ్యవసాయ తోటలు) ఇస్తిరాహాల్లోనూ (వారాంతపు విడిది తోటలు) కాపలాకి, తోటపనికి ఉన్న మన జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్లు షెడ్డు పక్కన నాలుగు పెట్టలను పెంచుకోవడం కొత్త సంగతి కాదు. చలి తగ్గిందని ఫిబ్రవరి చివరనో మార్చిలోనో పిల్లలను తెస్తారు. వారాలు లెక్కపెట్టుకుని జూలై నుంచి గూట్లో చెయ్యి పెట్టి చూస్తారు. జూలై పోతుంది, ఆగస్టు పోతుంది, గుడ్డు కనిపించదు. అమ్మినవాడు మోసం చేశాడనో, ఇవి గొడ్డు పెట్టలనో తేల్చేసి ఒక శుక్రవారం కూర వండేస్తారు. చాలా సందర్భాల్లో తప్పు పెట్టదీ కాదు, అమ్మినవాడిదీ కాదు. పిల్ల గుడ్డులోంచి బయటపడిన నెలది. ఈ దేశంలో తొలి గుడ్డు ఎప్పుడొస్తుందో తెలియాలంటే పెట్ట వయసుతో పాటు అది పుట్టిన నెలను కూడా అడగాలన్నది నా వాదన.

ముందు జాతి సంగతి తేల్చుకుందాం. కంపెనీలు పెంచే తెల్ల లెగ్‌హార్న్ సంకర పెట్టలు 18 వారాలకే మొదలుపెడతాయి. గోధుమరంగు గుడ్లు పెట్టే సంకరాలూ ఇంచుమించు అంతే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజాకు ఆరు నెలలు దగ్గర పడుతుంది, గ్రామప్రియ కొంచెం ముందే వస్తుంది. నాటు పెట్టలు, ముఖ్యంగా అసీల్, ఏడెనిమిది నెలలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. సౌదీలో దొరికే బలదీ, అంటే అక్కడి నాటు, కోళ్లు ఒక్క జాతి కాదు. నల్లవి, బూడిదరంగువి, చారలవి ఎన్నో రకాలు కలిసిపోయి ఉంటాయి. అల్ అహ్సాలోని కింగ్ ఫైసల్ విశ్వవిద్యాలయం వీటిలోంచి ఏరి హజర్-1, హజర్-2 అనే వరసలను తీసింది. సంతలో బలదీ అని అమ్మే పెట్టలో ఏ రక్తం ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు కాబట్టి దాని గడువును వారాల్లో చెప్పడం సాహసమే. పైగా ఏ జాతికైనా ముందు ఒళ్లు రావాలి. తెల్ల సంకర పెట్ట సుమారు కిలోంబావు, గోధుమరంగుది సుమారు కిలోన్నర తూగేదాకా శరీరం గుడ్డు పనిలోకి దిగదు. దిగితే ఆ పెట్టకే చేటు.

ఒళ్లు వచ్చాక వెలుగు పిలవాలి. కోడి వెలుగును కళ్లతోనే గ్రహించదు. పుర్రెను దాటి మెదడు లోపలికి చేరే కాంతిని అక్కడి కణాలు పసిగడతాయి. పగలు పెరుగుతోందని తెలియగానే హార్మోన్లు కదులుతాయి, అండాశయంలో పచ్చసొనలు ఉబ్బడం మొదలవుతుంది. అడవికోడి వసంతంలో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుకునే జీవి. మన ఇళ్లలోని కోడి ఏడాదంతా పెట్టడం నేర్చుకున్నా ఆ పాత అలవాటు ఒంట్లోంచి పూర్తిగా పోలేదు. ఐరోపా, అమెరికా పుస్తకాలు వెలుగు గురించి అంత హడావుడి చేయడానికి కారణం ఇదే. లండన్‌లో డిసెంబర్ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, జూన్‌లో పదహారున్నర గంటలు దాటుతుంది. అక్కడ చలికాలంలో పెట్టలు మానేయడం సహజం, బల్బు వేయడం న్యాయం. రియాద్‌లోనో? డిసెంబర్‌లో కూడా పగలు పదిన్నర గంటలు ఉంటుంది, జూన్‌లో సుమారు 13 గంటల 40 నిమిషాలు. మన హైదరాబాద్‌కీ దీనికీ తేడా అరగంటే. జూలై రెండో వారంలో రియాద్ ఆకాశం పదమూడున్నర గంటల వెలుగు ఇస్తోంది. గుడ్లు మొదలుకావడానికి అది సరిపోయే వెలుగే. అయినా మార్చి పిల్ల గుడ్డు పెట్టదు. అంటే ఇక్కడ వెలుగు కరువును నిందించడం కుదరదు.

నిందించాల్సింది ఎండనే. జూలైలో రియాద్ పగటి ఉష్ణోగ్రత సగటున 43 డిగ్రీలు దాటుతుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు, పైగా దానికి చెమట గ్రంథులు లేవు. వేడిని వదిలించుకోవడానికి దానికున్న ముఖ్యమైన మార్గాలు రెండు: రెక్కలు ఒంటికి దూరంగా పెట్టడం, ముక్కు తెరిచి వగర్చడం. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద చూడండి. పెట్ట గొంతు చర్మం గబగబా ఆడుతూ ఉంటుంది, కళ్లు సగం మూసుకుపోతాయి, ముందు దాణా ఉన్నా ముట్టదు. దాణా అరిగించుకోవడం కూడా ఒంట్లో వేడి పుట్టించే పనే కాబట్టి తిండి తగ్గించుకోవడం దాని తెలివి. కానీ తిండి తగ్గిన పడుచు పెట్టకు ఒళ్లు రాదు, ఒళ్లు రాని పెట్ట గుడ్లకు రాదు. ఒకవేళ వచ్చినా గుడ్డు పెంకు పలచగా ఉంటుంది. పెంకు అంటే దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. గంటలకొద్దీ వగర్చిన కోడి ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వెళ్లిపోతుంది, రక్తంలో పెంకుకు కావలసిన కార్బొనేటు సరుకు తగ్గిపోతుంది. దాణాలో కాల్షియం ఎంత పోసినా ఈ లోటు తీరదు. ఇక నీళ్ల సంగతి. మామూలు రోజుల్లో కోడి తిన్నదానికి రెండింతలు తాగుతుంది, ఎండల్లో అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. మేడ మీద ట్యాంకులో ఉడికిన నీళ్లతో మధ్యాహ్నం మనమే చేతులు కడుక్కోలేం. ఆ నీళ్లనే గిన్నెలో పోస్తే పెట్ట ఒకసారి ముక్కు ముంచి పక్కకు పోతుంది. నీళ్లు తాగని కోడి తిండీ మానేస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మార్చి 1న పుట్టిన పిల్లకు 20 వారాలు నిండేది జూలై 19న, 24 వారాలు నిండేది ఆగస్టు 16న. ఒళ్లు గట్టిపడాల్సిన మే, జూన్, జూలై నెలలన్నీ వగర్పులోనే గడిచాయి. పైగా జూన్ 21 తర్వాత పగళ్లు తగ్గుతున్నాయి, అంటే వెలుగు చాలినంత ఉన్నా పెరుగుతూ పిలవడం లేదు. అదే అక్టోబర్ 1న పుట్టిన పిల్లను తీసుకోండి. 20 వారాలు ఫిబ్రవరి 18కి నిండుతాయి. ఎదిగే కాలమంతా చల్లగా ఉంటుంది, డిసెంబర్ చివరి నుంచి పగళ్లు పెరుగుతుంటాయి, ఫిబ్రవరిలో పగటి వేడి ఇరవై నాలుగు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. కోడికి అంతకన్నా హాయైన వాతావరణం లేదు. ఒకే సంతలో ఒకే జాతి పిల్లలను రెండు వేర్వేరు నెలల్లో కొన్న ఇద్దరికి తొలి గుడ్డులో రెండు మూడు నెలల తేడా వస్తే, అందులో వింతేముంది?

చిన్నపిల్లలకు వెచ్చదనం కావాలి కదా, చలికాలం ముంగిట తెస్తే చచ్చిపోవా అని అడగవచ్చు. శీతలదేశాల్లో వసంతంలో పిల్లలను దించేది అందుకే. అయితే మొదటి వారం పిల్లకు కావలసింది 33 నుంచి 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గుతూ రావాలి. రియాద్ పగలు అక్టోబర్‌లో 35 దగ్గర ఉండి, నవంబర్‌లో 28కి, డిసెంబర్‌లో 22కి దిగుతుంది. బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే ఏర్పాటు) చేయాల్సిన పనిలో పగటి వాటాను వాతావరణమే చేసిపెడుతోంది, రాత్రికి ఒక బల్బు చాలు. హాయిల్, ఖసీమ్ రాత్రుళ్లు ఒక్కోసారి సున్నాకు దగ్గరగా వెళ్లే డిసెంబర్, జనవరి నెలలు వచ్చేసరికి అక్టోబర్ పిల్లలకు ఈకలు నిండుగా వచ్చి ఉంటాయి. నిజానికి ఫిబ్రవరి పిల్లకే చలి గండం ఎక్కువ.

ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది. పెరిగే పగళ్లలో ఎదిగిన పెట్టలు తొందరపడి ఒళ్లు రాకుండానే గుడ్లకొస్తాయని, చిన్న గుడ్లు పెడతాయని, గుడ్డు మార్గం బయటికి జారే ప్రమాదం ఉందని కోళ్ల శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. మాట నిజమే. కానీ ఆ భయం పగలు రెట్టింపయ్యే దేశాలది. రియాద్‌లో డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్యకు పెరిగేది గంటలోపే. చల్లని నెలల్లో కడుపునిండా తిన్న పెట్టకు ఆ పాటి తొందర చేటు చేయదు. చేటు చేసేది మనిషి. గుడ్లు త్వరగా రావాలని పన్నెండో వారంలోనే రాత్రంతా లైట్లు వేసేవాళ్లున్నారు. ఇస్తిరాహాల్లో అయితే ఎవరూ వేయకుండానే ఆ పని జరిగిపోతుంది: గురు, శుక్రవారాల్లో కుటుంబాలు వచ్చినప్పుడు తెల్లవారుజాము దాకా ఫ్లడ్‌లైట్లు, మిగతా రోజుల్లో చీకటి. పెట్టకు ఆ వారమంతా ఒక రోజు పొడుగు, ఒక రోజు పొట్టి. గూటిని ఆ లైట్లకు వెనకవైపు పెట్టడం, లేదా రాత్రి ఒక గుడ్డ కప్పడం దీనికి మందు. బల్బు వేయాలనుకుంటే 18వ వారం దాటాక, ఒళ్లు వచ్చిందని చేతికి తెలిశాక, రోజూ ఒకే వేళకు వేయాలి.

మరి మే చివర ఎండలు ముదిరాక ఈ అక్టోబర్ పెట్టలు మాత్రం ఆగిపోవా? తగ్గుతాయి, కొన్ని ఆగుతాయి కూడా. కానీ అప్పటికి మూడు నెలల గుడ్లు మీరు తినేసి ఉంటారు. నిండు ఒళ్లుతో వేసవిలోకి వెళ్లిన పెట్ట ఎండలు తగ్గగానే మళ్లీ అందుకునే స్థితిలో ఉంటుంది. సన్నని ఒళ్లుతో వేసవిలో చిక్కుకున్న పెట్ట ముందు ఆ ఒళ్లు తెచ్చుకోవాలి. ఖసీమ్‌లోని అల్ వతనియా వంటి కంపెనీల కోళ్లకు ఈ బాధలేవీ లేవంటే, అవి మూసిన షెడ్లలో కూలింగ్ ప్యాడ్ల గాలిలో గడియారం ప్రకారం వెలిగే లైట్ల కింద బతుకుతాయి కాబట్టి. వాటి లెక్కను రేకుల షెడ్డుకు తెచ్చి అతికించకూడదు. ఊళ్లో మా నాయనమ్మ ఏ నెలా చూడలేదు, పెట్టలు పెట్టలేదా అంటారు మరికొందరు. పెట్టాయి, ఏడాదికి యాభై అరవై. పెంటకుప్ప మీద ఏరుకు తినే కోడికి దాణా ఖర్చు లేదు కాబట్టి ఎన్నాళ్లకు పెట్టిందని ఎవరూ అడగలేదు. ఇక్కడ సంచి దాణా రియాళ్లు పోసి కొనాలి.

దాణా మాటకొస్తే, నెల ఒక్కటే అన్నీ చేస్తుందని నేననను. మజ్రాల్లో కోళ్లకు పడేది ఎక్కువగా మిగిలిన ఖుబ్జ్ రొట్టెలు, అన్నం, గొర్రెల బస్తాలోంచి తీసిన బార్లీ. ఇవి కడుపు నింపుతాయి గానీ ఒళ్లు పెంచవు. ఎదిగే పెట్టకు దాణాలో పదహారు శాతం పైన మాంసకృత్తులు ఉండాలి, బార్లీలో అంత ఉండదు. రొట్టెల మీద పెరిగిన అక్టోబర్ పిల్ల, మంచి దాణా తిన్న అక్టోబర్ పిల్లకన్నా నెలలు వెనకబడుతుంది. గొర్రెలకు కోసే బర్సీం పచ్చిమేతలో ఒక పిడికెడు వేయడం మంచిదే, పచ్చసొనకు రంగు వస్తుంది, అయితే అది దాణాకు బదులు కాదు. గుడ్ల దాణాను మాత్రం తొందరపడి పెట్టకండి. అందులో ఎదిగే కోళ్ల దాణాకు మూడు నాలుగు రెట్లు కాల్షియం ఉంటుంది, లేత పెట్టల మూత్రపిండాలను అది దెబ్బతీస్తుంది.

ఎప్పుడు మార్చాలో పెట్టే చెబుతుంది. పాలిపోయి ఉన్న తురాయి రెండు వారాల్లో ఎర్రబడి పెరుగుతుంది. వీపు మీద చెయ్యి పెడితే పారిపోయేది కాస్తా రెక్కలు కొంచెం విప్పి కూలబడుతుంది. గుడ్డు వచ్చే దారికి రెండు పక్కల ఉండే సన్నని ఎముకల మధ్య ఇంతకుముందు ఒక వేలు పట్టేది, ఇప్పుడు రెండు, మూడు వేళ్లు పడతాయి. పెట్ట కారణం లేకుండా మూలమూలా తిరిగి, గడ్డిని కాలితో దువ్వి, కొక్కరిస్తుంది. ఈ సమయంలోనే దాని కాళ్ల ఎముకల గుల్లల్లో కాల్షియం నిల్వ పడుతుంది, రాబోయే పెంకులకు అదే పెట్టుబడి. గుడ్ల దాణాకు ఇదే వేళ. తొలి గుడ్డు చిన్నగా ఉన్నా, పెంకు లేకుండా తోలుసంచిలా వచ్చినా, రెండు సొనలతో వచ్చినా కంగారు పడొద్దు, కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

ఈ లెక్క దేశమంతటికీ ఒకటి కాదు. రెండు వేల మీటర్లకు పైన ఉన్న అభాలో జూలై పగలు 30 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, అక్కడ మార్చి పిల్లలూ వేళకే గుడ్లకు వస్తాయి. జెద్దాలో ఎండ రియాద్‌కన్నా తక్కువే అయినా గాలిలో తేమ వల్ల వగర్చినా ఒళ్లు చల్లబడదు, రాత్రికీ ఊరట లేదు. అక్కడ అక్టోబర్ మాట మరింత గట్టిగా పట్టుకోవాలి.

ఇప్పటికే మార్చి పిల్లలు మీ దగ్గరుంటే కోసెయ్యకండి. నీడను రెట్టింపు చేయండి, తెల్లవారుజామున, పొద్దుగూకాక దాణా వేయండి, మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు పారబోసి చల్లనివి పోయండి, అక్టోబర్ దాకా ఆగండి. కొత్తగా తెచ్చుకునేవాళ్లు సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరిలోపు తెచ్చుకోండి. గుడ్లకు సిద్ధంగా ఉన్న పెట్టలని పక్షుల సంతలో కొంటే వయసు తెలియదు, రోగమూ తెలియదు. 2017 డిసెంబర్‌లో రియాద్ అజీజియా పక్షుల సంతలోనే హెచ్5ఎన్8 బర్డ్ ఫ్లూ బయటపడింది. టీకాలు వేసి, పుట్టిన తేదీ రాసిచ్చే హేచరీ నుంచి కొనండి. ఆ తేదీ కాగితాన్ని గూటికే అంటించి ఉంచండి.