బరువు పెరిగింది... బెల్టు దక్కింది!

వాడపల్లి సిమెంటు బస్తా తూకం 50 కిలోలు. 1998 డిసెంబరులో ఫిలిప్పీన్స్ కుర్రాడు మ్యానీ పకియావ్ తొలి ప్రపంచ బెల్టు కొట్టిన ఫ్లైవెయిట్ తరగతి హద్దు 50.8 కిలోలు. అంటే ఒక బస్తా, పైన నాలుగు గుప్పెళ్లు! అక్కణ్నుంచి పన్నెండేళ్లలో మొత్తం 8 తరగతుల్లో ప్రపంచ ఛాంపియన్. ఈ లెక్క ఇంకే మగ బాక్సర్‌కూ అందలేదు. ఎనిమిదోది 2010 నవంబరు 13న, 69.8 కిలోల తరగతిలో. ఆ రాత్రి రింగులోకి దిగేసరికి ప్రత్యర్థి ఆంటోనియో మార్గరీటో 75 కిలోలు, పకియావ్ 67. అయినా 12 రౌండ్లలో 474 గుద్దులు దిగాయి. మార్గరీటో కంటి చుట్టూ ఎముక విరిగింది. పదకొండో రౌండ్లో ఇక ఆపమని రిఫరీ వైపు చూసింది ఎవరనుకున్నారు? కొడుతున్న పకియావే!

తూకం కార్డు మీది అంకె వేరు, రింగులో నిలబడ్డ మనిషి వేరు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తూకం ముందు రోజే అయిపోతుంది. ఒంట్లో నీళ్లు పిండేసుకుని త్రాసు ఎక్కుతారు, మర్నాటికల్లా తిని, తాగి కిలోలు వెనక్కి తెచ్చుకుంటారు. పైగా మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండవు. 50 కిలోల దగ్గర ఒక తరగతికీ పై తరగతికీ ఎడం రెండు కిలోల లోపే. మిడిల్‌వెయిట్ నుంచి సూపర్ మిడిల్‌వెయిట్‌కు మూడున్నర. లైట్ హెవీవెయిట్ నుంచి క్రూజర్‌వెయిట్‌కు ఏకంగా 11! ఆపైన హెవీవెయిట్‌కు హద్దే లేదు.

ఇలా మెట్లెక్కినవాళ్లలో అందరికన్నా పాతకాపు బాబ్ ఫిట్జ్‌సిమన్స్. 1891లో మిడిల్‌వెయిట్ టైటిల్, 1897లో హెవీవెయిట్ టైటిల్. అప్పుడు ఆయన తూకం 76 కిలోలు. ఇవాళ్టి లెక్కలో అది హెవీవెయిట్ దరిదాపుల్లోకి కూడా రాదు. ఆ ఘనత మళ్లీ చూడటానికి 106 ఏళ్లు పట్టింది. 2003 మార్చి 1న రాయ్ జోన్స్ 87.5 కిలోలతో దిగి, 102.5 కిలోల జాన్ రూయిజ్‌ను పాయింట్ల మీద ఓడించాడు.

అందరికన్నా వేగం హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. 1937 అక్టోబరులో ఫెదర్‌వెయిట్, 1938 మేలో వెల్టర్‌వెయిట్, ఆగస్టులో లైట్‌వెయిట్. పది నెలలు నిండకముందే మూడు టైటిళ్లు, మూడూ ఒకేసారి ఆయన చేతిలో! అప్పట్లో ఉన్న తరగతులే ఎనిమిది.

బరువు తేడాను లెక్కచేయనివాడు ఒలెక్సాండర్ ఉసిక్. 2024 డిసెంబరు 21న రియాద్‌లో ఈ మాజీ క్రూజర్‌వెయిట్ 102 కిలోలు, ఎదుట టైసన్ ఫ్యూరీ 127 కిలోలు. అర బస్తా తేడా, అరడుగు పొడుగు తేడా. గెలుపు ఉసిక్‌దే, అదీ ఏడు నెలల్లో రెండోసారి.

ఎండ దెబ్బ తిన్నది మాత్రం షుగర్ రే రాబిన్సన్. 1952 జూన్ 25న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో 71 కిలోల రాబిన్సన్, 78 కిలోల జోయీ మాక్సిమ్. రింగు దగ్గర 40 డిగ్రీలు. మే నెలలో నల్గొండ వాడు దీన్ని ఎండ అని కూడా అనడు. కానీ దీపాల కింద బరువైన మనిషిని ఈడుస్తూ 13 రౌండ్లు ఆడి చూడాలి! పదో రౌండ్ తర్వాత రిఫరీయే చేతులెత్తేశాడు, ఇంకొకరిని దింపారు. ముగ్గురి స్కోరుకార్డుల్లోనూ ముందున్న రాబిన్సన్ పద్నాలుగో రౌండ్‌కు స్టూలు మీంచి లేవలేకపోయాడు. రెండొందల బౌట్ల జీవితంలో మధ్యలో ఆగిపోయి ఓడింది ఆ ఒక్కసారే.

ఒకేసారి రెండు మెట్లు ఎగిరినవాళ్ల కథ వేరు. 2016 సెప్టెంబరులో కెల్ బ్రూక్ 66.7 కిలోల తరగతి వదిలి 72.6 కిలోల తరగతి ఛాంపియన్ గోలోవ్‌కిన్ ముందుకెళ్లాడు. అయిదో రౌండ్లో బ్రూక్ మూల నుంచి తువ్వాలు పడింది, అతని కంటి గూడు ఎముక చిట్లింది. మెట్టుమెట్టుగా ఎక్కితేనే గెలుపు అనిపిస్తుంది. ఈ మాటను తోసిపుచ్చిన మొండిఘటం టెరెన్స్ క్రాఫోర్డ్. 2025 సెప్టెంబరు 13న, 37 ఏళ్ల వయసులో, 69.8 నుంచి 76.2 కిలోల తరగతికి దూకి కానెలో అల్వారెజ్‌ను ఓడించాడు. 42 బౌట్లు, 42 గెలుపులు.

మన దేశంలో ఈ మెట్టు ఎక్కడం ఇష్టం కొద్దీ జరగలేదు, జాబితా కొద్దీ జరిగింది. మేరీ కోమ్ ఆరు ప్రపంచ స్వర్ణాలూ 48 కిలోలు, అంతకన్నా తక్కువ తరగతుల్లోనివే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు ఉన్నవి మూడే తరగతులు: 51, 60, 75. గత్యంతరం లేక 51కి ఎక్కింది. కాంస్యం తెచ్చింది. సెమీస్‌లో 11-6తో ఆపిన నికోలా ఆడమ్స్ అసలైన 51 కిలోల మనిషి. 2014 ఆసియా క్రీడల్లో 51లోనే స్వర్ణం. కానీ ఆ తరగతిలో ప్రపంచ స్వర్ణం ఆమెకు దక్కనే లేదు. మూడు కిలోలు, అంతే.

గుద్దులు పక్కన పెట్టి బరువులెత్తేవాళ్లలో వెతికితే తెలుగువాళ్ల రికార్డు శ్రీకాకుళంలో ఉంది. కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల తరగతిలో. 2000 సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం 69 కిలోల తరగతిలో. ఆరేళ్లలో 15 కిలోల తరగతుల ఎడం! స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240. మొదటి ఇద్దరివీ 242.5. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోల బార్ జారకుంటే స్వర్ణమే.

ఇక తెలంగాణ. బాక్సింగ్ దిక్కు చూస్తే నిజామాబాద్‌దే పైచేయి. అక్కడి మహ్మద్ హుస్సాముద్దీన్ 2018 కామన్వెల్త్‌లో 56 కిలోల కాంస్యం, 2022లో 57 కిలోల కాంస్యం, 2023లో 57లోనే ప్రపంచ కాంస్యం. ఒక్క కిలో జరిగినా పతకం జరగలేదు.

అదే ఊరి నిఖత్ జరీన్‌ది అన్నిటికన్నా అటూఇటూ అయిన తూకం. 2019 చివర్న 51 కిలోల ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓటమి. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ స్వర్ణం, ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి మీద 5-0. మూడు నెలలు కాకుండానే రెండు కిలోలు దిగి, బర్మింగ్‌హామ్‌లో 50 కిలోల కామన్వెల్త్ స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో అదే 50లో రెండో ప్రపంచ స్వర్ణం. ఎక్కినవాళ్ల పక్కన దిగి గెలిచిన ఈమెకూ కిరీటం పెట్టాల్సిందే. కిలో పెంచడం కన్నా కిలో దించడమే కష్టమని ఆకలి తెలిసిన ఏ బాక్సర్‌ను అడిగినా చెబుతారు.

2024 పారిస్‌లో 50 కిలోలు అచ్చిరాలేదు. చైనా బాక్సర్ వూ యూ ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికి పంపింది. ఇప్పుడు కొత్త సంస్థ వరల్డ్ బాక్సింగ్ తరగతుల జాబితాలో 50 లేదు, 52 లేదు. ఉన్నవి 48, 51, 54. నిఖత్ మళ్లీ 51కి వచ్చింది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడా వరల్డ్ కప్ ఫైనల్స్‌లో ఆ తరగతి స్వర్ణం ఆమెదే.