నిమ్మ తాజాదనానికి ఆయుష్షు పోసిన అణువు

‘క్లాసిక్’ అన్న మాట మగవాళ్ల సెంటు సీసాల మీద తరచుగా కనిపిస్తుంది. ఆ మాటకు నిజంగా తగినవి కొన్నే. ఫ్రాన్స్‌లోని క్రిస్టియన్ డియోర్ సంస్థ 1966లో తెచ్చిన ‘ఓ సొవాజ్’ వాటిలో ఒకటి. 2015లో అదే సంస్థ విడుదల చేసిన ‘సొవాజ్’ పూర్తిగా వేరే సెంటు. కొనేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పాతదాని విలువ తెలియాలంటే ముందు అందులో పనిచేసే హెడియోన్ అనే అణువు కథ తెలియాలి.

కథకు మూలం ఓ పాత చిక్కు. 18వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీ నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి వచ్చి స్థిరపడ్డ జొహాన్ మరియా ఫరీనా నిమ్మ, నారింజ, బెర్గమాట్ నూనెలను ఆల్కహాల్‌లో కలిపి సుగంధ జలం చేశాడు. ఆ ఊరి పేరే దానికి స్థిరపడి, ‘కొలోన్’గా ప్రపంచమంతా తిరిగింది. ఒంటి మీద చల్లుకోగానే ప్రాణం లేచి వచ్చేది కానీ, అరగంట తిరిగేసరికి దాని జాడ ఉండేది కాదు. నిమ్మజాతి నూనెల్లో ప్రధానమైన లిమోనీన్ అణుభారం 136 మాత్రమే. అంత తేలికైన అణువు ఒంటి వేడికి ఇట్టే ఆవిరైపోతుంది. గంధపు చెక్క, నాచు, జిగురు వంటి బరువైన సరుకులు అడుగున వేస్తే వాసన నిలిచేది, కానీ తాజాదనం పోయి మందమైన తీపో, చెక్క వాసనో మిగిలేది. తేలికదనమూ మన్నికా ఒకేచోట దొరకడం గగనమైంది.

దీనికి దారి జాజిపూలలో దొరికింది. మన పెరళ్లలో పందిరికి అల్లుకునే జాజి, ఫ్రాన్స్ సుగంధ రాజధాని గ్రాస్ చుట్టుపక్కల పొలాల్లో పెంచే జాజి ఒకే జాతి. వందల కిలోల పూల నుంచి కిలో సారం వస్తుంది. అందులో ఏముందో విడదీసి చూడడం 1950లలో జెనీవాలోని ఫిర్మెనిష్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞులకు పెద్ద పని. అక్కడి ఎడ్వార్ దెమోల్, సహచరులతో కలిసి ఆ సారంలో మిథైల్ జాస్మొనేట్ అనే పదార్థాన్ని గుర్తించి 1962లో ప్రకటించాడు. పురుగు కొరికినప్పుడు మొక్కలు రక్షణ యంత్రాంగాన్ని మేల్కొలిపే సంకేతాల్లో ఇదీ ఒకటని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

అయితే మిథైల్ జాస్మొనేట్ తోకలో ఒక జంట బంధం ఉంది. దాన్ని సరైన రూపంలో నిలబెడుతూ పదార్థాన్ని తయారుచేయాలంటే ఖర్చూ శ్రమా ఎక్కువ. ఆ జంట బంధాన్ని తీసేసి, రెండు హైడ్రోజన్ పరమాణువులు చేరిస్తే వచ్చేదే హెడియోన్. జాజి స్వభావం పోలేదు, తయారీ సులువైంది, అణుభారం 226కు చేరింది. లిమోనీన్‌తో పోలిస్తే ఇది చాలా నిదానంగా ఆవిరవుతుంది.

ఒక్క హెడియోన్‌నే కాగితం పట్టీ మీద వేసి వాసన చూస్తే చాలామంది పెదవి విరుస్తారు. ఏదో పువ్వు, ఏదో నిమ్మ, కాస్త గాలి అన్నట్టుంటుంది. కొందరి ముక్కుకు దాదాపు ఏమీ తగలదు. కచేరీలో తంబురా లాంటిది ఇది. దాన్నొక్కదాన్నే వినడానికి ఎవరూ టికెట్టు కొనరు, అది ఆగితే మాత్రం పాట వెలితిగా ఉంటుంది.

ఆ విలువ పట్టుకున్నవాడు సుగంధ రూపకర్త ఎడ్మండ్ రూడ్నిట్స్కా. 1905లో నీస్‌లో పుట్టి, గ్రాస్ దగ్గరి కాబ్రీస్ గ్రామంలో తోట మధ్య ప్రయోగశాల పెట్టుకుని పనిచేసినవాడు. 1956లో డియోర్ కోసం ‘డియోరిస్సిమో’ సెంటు చేసింది ఈయనే. పరిమళాల్లో సరుకులు కుప్పలుగా పోయడం ఆయనకు గిట్టదు. ప్రతి సరుకూ తన పని తాను చేయాలి, లేదా బయటికి పోవాలి అన్నది ఆయన పద్ధతి. ‘ఓ సొవాజ్’లో ఆయన వాడిన హెడియోన్ సుమారు రెండు శాతమే. ఆ కొంచెమే కొలోన్‌ల పాత చిక్కును విప్పింది. పారిపోయే లిమోనీన్‌ను హెడియోన్ పట్టి ఆపలేదు. నిమ్మ వెళ్లిపోతున్న చోటును తన గాలితనంతో నింపి, తాజాదనం ఇంకా ఉన్నట్టే మన ముక్కుకు అనిపించేలా చేసింది.

దీన్ని పరీక్షించాలంటే తొందర పనికిరాదు. కాగితం పట్టీ మీద ఒకసారి, ముంజేతి మీద ఒకసారి చల్లి వదిలేయాలి. రుద్దకూడదు. మొదటి నిమిషంలో నిమ్మతొక్క గోటితో గిల్లినప్పటి పులుపు, బెర్గమాట్‌లోని సన్నని చేదు తగులుతాయి. వెనకే రోజ్‌మేరీ ఆకు ఘాటు. పది పదిహేను నిమిషాలకు పులుపు దిగి, లావెండర్ పొడితనం పైకొస్తుంది. అసలు పరీక్ష అరగంటకు మొదలవుతుంది. మామూలు కొలోన్ ఖాళీ అయ్యే వేళకు ఇక్కడ ఒక తేటదనం విచ్చుకుంటుంది. పట్టీని ముక్కుకు ఆనిస్తే అంతగా తెలియదు, జానెడు దూరం జరిపితే బాగా తెలుస్తుంది. ఆ పని హెడియోన్‌ది. మరి కొన్ని గంటలకు వట్టివేరు, ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే నాచు కలిసి తడి మట్టిని తలపించే అడుగు వాసన మిగులుతుంది. మధ్యలో ముక్కు అలిసిపోతే దుకాణంవాళ్లు కాఫీ గింజలు వాసన చూడమంటారు. మామూలు గాలి పీల్చడం కంటే వాటివల్ల అదనపు లాభం లేదని ప్రయోగాల్లో తేలింది. బయటికి వెళ్లి నాలుగు అడుగులు వేస్తే చాలు. మన మే నెల ఎండలో పై వాసనలు ఇంకా త్వరగా ఎగిరిపోతాయి కాబట్టి, ఏసీ గదిలో చూసి తీర్పు చెప్పడం సరికాదు.

హెడియోన్ మీద పరిశోధన ఆగలేదు. ఇది నాలుగు రూపాల్లో ఉంటుంది. ఒకే పరమాణువులు, అమరిక వేరు. వాటిలో ‘సిస్’ అనే అమరిక ఉన్నవి రెండు. వాసన బలం ప్రధానంగా ఆ రెండింటిలో ఒకదానిదే. మామూలు సరుకులో సిస్ రూపాలు రెండూ కలిసి సుమారు పదో వంతే. ఆ వాటా పెంచిన రకాలు తర్వాత వచ్చాయి. 2015లో జర్మనీలోని బోఖుమ్, డ్రెస్డెన్ పరిశోధకులు ఇది వీఎన్1ఆర్1 అనే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుందనీ, గులాబీ వాసననిచ్చే ఒక ఆల్కహాల్ కంటే మెదడులోని భావోద్వేగ ప్రాంతాలను ఎక్కువగా కదిలిస్తుందనీ చూపారు. అంతమాత్రాన దీన్ని వశీకరణ మందుగా అమ్మజూపే ప్రకటనలను నమ్మనక్కర్లేదు. ఎదుటివారి ప్రవర్తన మారుతుందని ఆ ప్రయోగం చెప్పలేదు.

నేటి సీసాలో ఉన్నది అచ్చంగా 1966 నాటి ద్రవం కాదు. నాచులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ చర్మానికి అలర్జీ కలిగిస్తాయని తేలడంతో యూరప్ వాటిని నిషేధించింది. బెర్గమాట్‌లోని బెర్గాప్టెన్ ఎండ తగిలితే చర్మాన్ని కమిలిస్తుంది కాబట్టి దాన్ని తీసేసిన నూనె వాడుతున్నారు. ఈ మార్పులు న్యాయమైనవే. ఒళ్లు కాలి వచ్చే సుగంధం ఎవరికీ అక్కర్లేదు. వాటివల్ల అడుగు వాసన పల్చబడిందన్నది నా అంచనా. పాత పరిమళాలు ఎలా ఉండేవో తెలియాలంటే 1990లో వెర్సాయ్‌లో మొదలైన ఒస్మోతెక్ అనే భాండాగారం ఉంది. అక్కడ వాటిని చల్లగా, ఆర్గాన్ వాయువు కింద దాస్తారు.

ఇక నా తీర్పు. పునాది తగ్గినా నడుమ భాగం, అంటే ఈ సెంటు కనిపెట్టిన అసలు సంగతి, చెక్కుచెదరలేదు. గదినంతా కమ్మేసే వాసన కావాలనుకునేవారికి ఇది నచ్చదు. ఒళ్లు కడుక్కుని వచ్చిన తేటదనం మధ్యాహ్నం దాకా పక్కన ఉండాలనుకునేవారికి ఇంతకంటే నమ్మకమైనది తక్కువ. ఇప్పుడు హెడియోన్ సబ్బుల్లో, షాంపూల్లో, చవక సెంట్లలో కూడా ధారాళంగా ఉంది. 1966లో రెండు శాతంతో మొదలైన పని ఇవాళ మనం రోజూ వాడే తాజాదనానికి కొలబద్ద అయింది. కొత్త సెంటు ఏది చేతికొచ్చినా, చల్లిన అరగంట తర్వాత అందులో ఏం మిగిలిందో చూసి డబ్బులివ్వండి.