రేపు కొంటాలే!

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్ళిన పెద్దవాళ్ళు ప్రభలు చూస్తారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలకు ముందు కనిపించేది బొమ్మల కొట్టు. కీ ఇస్తే గిరగిరా తిరిగే కారు, ఊదితే కూసే బూర, ముల్లు కదలని ప్లాస్టిక్ వాచీ, రంగు కళ్ళజోడు. పట్టుకున్న చెయ్యి కాస్త వెనక్కి లాగినట్టవుతుంది. తల్లి ఆగి చూస్తుంది. పర్సులో ఉన్నవి కొండమీద కొబ్బరికాయకూ తిరుగు బస్సు చార్జీకీ సరిపోతాయని ధర అడక్కుండానే ఆమెకు తెలుసు. “రేపు కొంటాలే, పద” అంటుంది. రేపు ఆ కొట్టు అక్కడ ఉండదు. ఆ సంగతి తల్లికి తెలుసు, నాలుగేళ్ళ పిల్లాడికి తెలియదు. వాడు ఆ రాత్రి రేపటి కోసం నిద్రపోతాడు.

మన ఇళ్ళల్లో పిల్లలకు ఇచ్చే మాటల్లో ఇంత సులువుగా ఇచ్చేది, ఇంత తేలిగ్గా మరచిపోయేది ఇంకొకటి లేదు. బొమ్మ కొన్నా కొనకపోయినా పిల్లలు పెరుగుతారు. నోరు తెరిచి అడిగినప్పుడు అమ్మానాన్నలు ఏం చెప్పారు, చెప్పింది చేశారా అన్నదే వాళ్ళ మనసులో ఉండిపోతుంది. కోరిక తీరకపోవడాన్ని పిల్లలు తట్టుకుంటారు. మాట ఉత్తుత్తిదని తెలిసిన రోజు నుంచి మాత్రం అడగడం తగ్గిస్తారు. అమ్మానాన్నలకూ బిడ్డలకూ మధ్య దూరం మొదలయ్యేది అక్కడేనని నా నమ్మకం.

పిండినీళ్ళు, పాలు

బిడ్డ కోరిక, తండ్రి లేమి ఎదురుపడితే ఏమవుతుందో చెప్పే కథ మన భారతంలోనే ఉంది. ఆదిపర్వంలో ద్రోణుడు తన గతాన్ని భీష్ముడికి చెప్పుకుంటాడు. కలవారి పిల్లలు పాలు తాగుతుంటే చూసి, తనకూ కావాలని అశ్వత్థామ ఏడ్చాడు. ద్రోణుడు సామాన్యుడా? పరశురాముడి అస్త్రాలన్నీ సంపాదించినవాడు. అయినా ఇంట్లో పాడి లేదు. ధర్మం తప్పకుండా ఒక ఆవు దొరుకుతుందేమోనని ఊళ్ళు తిరిగాడు, దొరకలేదు. తోటి పిల్లలు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి అశ్వత్థామకు తాగించారు. పాల రుచి ఎరగని పసివాడు అవే పాలనుకున్నాడు. నేనూ పాలు తాగానంటూ గంతులేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు ద్రోణుణ్ణి నిలవనివ్వలేదు. భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని పాంచాలానికి, చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి వెళ్ళాడు. రాజుకూ పేదకూ స్నేహమేమిటని ద్రుపదుడు తీసిపారేశాడు. తరవాత కథ అందరికీ తెలిసిందే. హస్తినాపురంలో కొలువు, రాజకుమారులకు విలువిద్య, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి కట్టి తెప్పించడం, సగం రాజ్యం తీసుకోవడం, ఆ పరాభవంతో ద్రుపదుడు ద్రోణుణ్ణి చంపగల కొడుకు కోసం యజ్ఞం చేయడం. ద్రౌపది పుట్టిందీ ఆ యజ్ఞంలోనే. కురుక్షేత్రానికి కారణాలు వెతికేవాళ్ళు జూదం దగ్గరో వస్త్రాపహరణం దగ్గరో ఆగుతారు. నా మటుకు నేను ఆ పిండినీళ్ళ దాకా వెళతాను. కొడుకు అడిగింది తేలేని తండ్రి పడ్డ అవమానం ఎంత దూరం పోతుందో వ్యాసుడికి తెలుసు. దాన్ని తెలుగు చేసిన నన్నయకూ తెలుసు.

భాగవతం నాలుగో స్కంధంలో ఇంకో పసివాడున్నాడు. ధ్రువుడు ఆవునూ అడగలేదు, ఆటవస్తువునూ అడగలేదు. తండ్రి ఒడిలో తమ్ముడు ఉత్తముడు కూర్చుని ఉంటే తనూ కూర్చోవాలనుకున్నాడు. సవతితల్లి సురుచి కసిరింది. తండ్రి ఉత్తానపాదుడు నోరు మెదపలేదు. ఏడుస్తూ వచ్చిన కొడుకును సునీతి మభ్యపెట్టలేదు. రేపు కూర్చుందువుగానిలే అని ఊరుకోబెట్టలేదు. సురుచి అన్నది నిజమేననీ, ఎవరి కీడూ కోరవద్దనీ, శ్రీహరిని ఆశ్రయించమనీ చెప్పింది. అయిదేళ్ళ బిడ్డకు ఒక తల్లి చెప్పిన నిజం అది. వింటే గుండె తరుక్కుపోతుంది. ఆ నిజం విన్నవాడు కాబట్టే అక్కణ్ణుంచి లేచి తన దారి తను వెతుక్కోగలిగాడు.

పత్తి అమ్మినంక

అబద్ధమాడదామని ఏ తండ్రీ ఆడడు. పల్లెలో డబ్బు నెలనెలా రాదు, పంటతో వస్తుంది. కోస్తాలో పిల్లల కొత్తబట్టలు సంక్రాంతి కోసం చూసేది వరి కోతలై గింజ ఇంటికొచ్చే రోజులు కాబట్టి. తెలంగాణ పిల్లలు దసరా కోసం చూస్తారు. “బాపూ, నాకు సైకిల్ కొనియ్యవా?” అని కొడుకు అడిగితే, “పత్తి అమ్మినంక కొంట బిడ్డా” అంటాడు తండ్రి. ఆ క్షణంలో ఆయన మనసా అంటున్నాడు. పత్తి పగిలే వేళకు వాన పడుతుంది. లేకపోతే గులాబీ రంగు పురుగు కాయలు తొలిచేస్తుంది. తీరా అమ్మాక విత్తనాలకూ మందులకూ ఇచ్చిన అప్పు, దాని వడ్డీ వ్యాపారి ముందే పట్టుకుంటాడు. చేతికొచ్చిన నాలుగు నోట్లు పెద్దపిల్ల ఫీజుకు పోతాయి. సైకిల్ మళ్ళీ ఏటికి జరుగుతుంది. గుంటూరు యార్డుకు మిరపకాయ టిక్కీలు వేసుకుపోయే రైతు ఇంట్లోనూ ఇదే వరస. పంట వేరు, నెల వేరు, అంతే.

ఆ తండ్రి మాట తప్పాడనడానికి నోరు రాదు. కానీ పత్తికి ఏమైందో పిల్లాడికి ఎవరూ చెప్పరు. చిన్నవాడు, వాడికేం తెలుస్తుంది అనుకుంటారు. అడిగితే కసురుతారు. ఆ కసురులో ఉన్నది కోపం కాదు, సిగ్గు. పిల్లాడికి అది సిగ్గని తెలియదు. తానేదో అడగరానిది అడిగాననుకుంటాడు. అదే తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని, పత్తి తడిసింది, షావుకారుకు ఇంత కట్టాం, ఇంత మిగిలింది, అక్క ఫీజుకు ఇంత పోతుంది, ఈ ఏడు సైకిల్ కొనలేను నాన్నా అని లెక్క చెబితే ఏడేళ్ళవాడికి అర్థమవుతుంది. ఏడుస్తాడు. ఏడవనివ్వాలి. ఆ ఏడుపు అయ్యాక కూడా వాడు తండ్రి మాట నమ్ముతాడు.

ఊరు దాటిపోయిన అమ్మానాన్నలది ఇంకా కష్టం. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్ పోయిన తండ్రులు, కడప, కోనసీమ వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఫోన్‌లో ఇచ్చే మాట ఒక్కటే: వచ్చేటప్పుడు తెస్తాను. రెండేళ్ళకో మూడేళ్ళకో దొరికే సెలవే ఆ మాటకు గడువు. సైజు కొలిచి చెప్పిన బూట్లు పెట్టెలో వచ్చేసరికి పిల్లాడి కాలు పెరిగిపోయి ఉంటుంది. అమ్మమ్మ దగ్గర పెరిగే ఆ బిడ్డకు బూట్లకన్నా, అమ్మ ఎప్పుడొస్తుందో తప్పిపోని తేదీ ఒకటి కావాలి. తేదీ తెలియకపోతే, తెలియదని చెప్పడమే మేలు. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయగలిగితే, పిల్లలు పట్టుకుని నిలబడటానికి అదొక్కటి చాలు.

ఎదురు చూడటం ఎవరు నేర్పుతారు

1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టిన ప్రయోగాలు చాలామందికి తెలుసు. పిల్లల ముందు మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తానని చెప్పి బయటికి వెళతారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారన్న మాట తరవాత లోకమంతా పాకింది. పిల్లల నిగ్రహాన్ని ఆ మిఠాయితో కొలవడం తల్లిదండ్రులకు అలవాటైపోయింది. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో పరిశోధకులు మళ్ళీ పరిశీలించారు. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది.

నాకు ఆ రెంటికన్నా విలువైనదిగా తోచేది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసి, 2013లో ప్రచురించిన చిన్న ప్రయోగం. మూడు నుంచి అయిదేళ్ళ మధ్య వయసు పిల్లలు 28 మంది. ముందు వాళ్ళకు అరిగిపోయిన రంగు ముక్కలిచ్చి, కాసేపు ఆగితే ఇంతకన్నా మంచివి తెస్తామన్నారు. సగం మందికి చెప్పినట్టే తెచ్చిచ్చారు. మిగతా సగానికి, అయ్యో, లేవమ్మా అని ఉత్తచేతులతో వచ్చారు. ఆ తరవాతే మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ళను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ళను చూసిన పిల్లలు 3 నిమిషాలకే తినేశారు. పిల్లల్లో తేడా లేదు. తేడా అంతా పెద్దవాళ్ళ మాటలో ఉంది. “మావాడికి ఓపిక లేదండీ, అడిగింది అప్పటికప్పుడు కావాలంటాడు” అని వాపోయే తల్లిదండ్రులు ఈ ప్రయోగం గురించి తప్పక తెలుసుకోవాలి. రేపటి మీద నమ్మకం లేని పిల్ల ఇవాళే పట్టుపట్టడం మొండితనం కాదు. ఆ పిల్ల చూసిన లోకంలో అదే తెలివి.

మా పాప ఏమీ అడగదు

ప్రేమ్‌చంద్ 1933లో రాసిన ‘ఈద్‌గాహ్’ కథలో హమీద్‌కు నాలుగైదేళ్ళుంటాయి. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ అమీనా పెంచుతోంది. పండగనాడు చేతిలో మూడు పైసలు. తోటి పిల్లలు మట్టిబొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటుంటే వీడు నాయనమ్మ కోసం పట్టకారు కొంటాడు. రొట్టెలు కాల్చేటప్పుడు ఆమె వేళ్ళు కాలుతున్నాయని వాడికి గుర్తు. ఆ కథ చదివి కళ్ళు చెమర్చనివాళ్ళుండరు. అయితే పట్టకారు చూసిన అమీనా మురిసిపోయి ఊరుకోలేదు, ముందు కోప్పడింది, తరవాత ఏడ్చింది. పసితనంలో అడగాల్సినవి అడక్కుండా మింగేసిన బిడ్డను చూసి ఏడ్చిందామె. మనం మాత్రం అలాంటి పిల్లలను నలుగురిలో మెచ్చుకుంటాం. “మా పెద్దది బంగారం, ఏమీ అడగదు” అంటాం.

ఆ పెద్దది చాలా ఇళ్ళల్లో ఆడపిల్లే. తమ్ముడికి కొన్నాక మిగిలితే తనకు. తనకు ఇష్టం లేదని తనే చెప్పేస్తుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్నా, అమ్మ మెడలో గొలుసు బ్యాంకుకు పోయినా పిల్లలకు తెలుస్తుంది. మనం దాచామనుకున్న లేమి వాళ్ళ కళ్ళు దాటిపోదు. ఏమీ అడగని పిల్లను మెచ్చుకునే ముందు, నీకేం కావాలమ్మా అని ఎవరూ లేనప్పుడు దగ్గర కూర్చుని అడగాలి. మొదటిసారి ఏం వద్దంటుంది. మళ్ళీ అడగాలి.

ఇవాళ చాలా ఇళ్ళల్లో కథ తిరగబడింది. కోరిక పూర్తిగా మాట కాకముందే ఫోన్‌లో ఆర్డరు పడుతోంది, పది నిమిషాల్లో గుమ్మంలో ఉంటోంది. సూపర్ మార్కెట్ బిల్లు కౌంటరు దగ్గర చాక్లెట్లు పిల్లల కంటికి అందే ఎత్తులో ఉండటం యాదృచ్ఛికం కాదు. కెనడాలోని క్యూబెక్‌లో 13 ఏళ్ళలోపు పిల్లలను ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలను 1980 నుంచీ నిషేధించారు. మన దేశంలోనూ 2022లో అలాంటి ప్రకటనలకు నిబంధనలు వచ్చాయి. పిల్లలు చూసే వీడియోలోనే సరుకు చొరబడ్డాక నిబంధన ఎంత ఆపగలదు? ఇక్కడ తల్లిదండ్రులే అడ్డం నిలబడాలి. కొనను, ఇది అక్కర్లేదు అని సూటిగా చెప్పడం కూడా మాట నిలబెట్టుకోవడమే. ఉదయం వద్దన్నది సాయంత్రం ఏడుపుకు లొంగి కొంటే ఆ వద్దు కూడా ఉత్తిదే అయిపోతుంది.

మాకు లేనివన్నీ మా పిల్లలకు ఇవ్వాలి అనే తరం మనది. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ అందులో నలభై ఏళ్ళ కిందటి మన కోరికలు ఎన్ని, ఎదురుగా ఉన్న బిడ్డ కోరికలు ఎన్ని? ఇంజినీరు కాలేకపోయిన తండ్రి కొడుకును ఇంటర్ హాస్టల్లో చేర్చి, ఫీజుకు పొలం తాకట్టు పెడతాడు. పిల్లాడు వారమంతా ఎదురుచూసేది ఔటింగ్ ఆదివారం కోసం. “ఈ ఆదివారం వస్తావా నాన్నా?” అన్నదే వాడి కోరిక. పని పడి రాలేకపోతే, వచ్చే వారం పెద్ద ఫోన్ కొనిస్తాలే అంటారు. పిల్లలకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ళ అభిప్రాయానికి విలువనివ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశమూ అందులో చేరింది. హాస్టల్లో వేసేముందు బిడ్డను ఒక మాట అడిగిన ఇళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో ఎవరికి వాళ్ళు లెక్క చూసుకోవచ్చు.

అడిగిందల్లా కొనిపెట్టమని ఈ కథనం ఎవరినీ కోరదు. కొనగలిగితే ఏ రోజు కొంటారో చెప్పండి, క్యాలెండర్లో వాళ్ళ చేతే గీత గీయించండి, ఆ రోజు తప్పకండి. కొనలేకపోతే కొనలేమని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. కొనకూడదనుకుంటే ఆ మాట మీద ఉండండి. ఈ ఆదివారం పత్రిక మడిచి పక్కన పెట్టాక, మీరు ఎప్పుడో ఇచ్చి మరచిపోయిన మాట ఏదైనా ఉందేమో పిల్లలనే అడగండి. మీకు గుర్తులేకపోయినా వాళ్ళకు గుర్తుంటుంది.