నర్సు ఉద్యోగములో తొలి సంవత్సరము

మూడు సంవత్సరముల డిప్లొమా చదువో, నాలుగు సంవత్సరముల డిగ్రీ చదువో ముగించి, కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, వార్డులో ఉద్యోగమునకు చేరిన అమ్మాయికి మొదటి వారములోనే ఒక సంగతి బోధపడును. నిన్నటి వరకు తాను ఇంజెక్షను ఇచ్చునపుడు ప్రక్కన ట్యూటరు నిలిచియుండెడిది. నేడు ఆ చోటు ఖాళీగా నున్నది. చేయి అదే, సూది అదే. కాని పొరపాటు జరిగినచో అది ఇక తన పేరనే వ్రాయబడును. ఈ భయమును గూర్చి పాఠ్యపుస్తకములు అంతగా మాటలాడవు. సీనియర్లును మాటలాడరు. తమ తొలి దినముల తప్పులను వారిలో పలువురు మరచినట్లే ప్రవర్తింతురు. ఇప్పుడు అబ్బాయిలు కూడ ఈ వృత్తిలోనికి వచ్చుచున్నారు గనుక, ఈ మాటలు వారికిని వర్తించును.

కొత్త నర్సు మనస్సులో రెండు విధములైన సందేహములు కలిసియుండును. "ఈ మందు మోతాదు సరియేనా?" అనునది ఒకటి. "నేనీ పనికి తగుదునా?" అనునది రెండవది. మొదటిది రోగి ప్రాణమును కాపాడును. రెండవది నోరు కట్టివేయును. చిక్కేమనగా, రెండవది పెరిగిన కొలది మొదటిది అణగిపోవును. అడిగినచో తెలివితక్కువదని యనుకొందురేమోయని అమ్మాయి అడుగుట మానివేయును. తప్పు జరిగిన పిదప, చెప్పినచో ఉద్యోగమునకే పనికిరాదని యందురేమోయని చెప్పుటయు మానివేయును.

దీనివలన ఎంత కీడు కలుగునో ఇన్సులిన్ సంగతి చూచిన తెలియును. మన దేశములో సీసా ఇన్సులిన్ రెండు బలములలో దొరకుచున్నది. మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలది ఒకటి, 100 యూనిట్లు గలది మరియొకటి. దేని సిరంజి దానిదే. మొదటిదానికి ఎఱ్ఱమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. ఒక రోగికి రాత్రి భోజనమునకు ముందు 20 యూనిట్లు ఇవ్వవలెనని కేస్ షీటులో వ్రాసియున్నదనుకొందము. ట్రాలీలో ఎఱ్ఱమూత సిరంజి యున్నది. చేతికి వచ్చిన సీసా మాత్రము 100 యూనిట్లది. ఆ సిరంజితో 20 గీత వరకు లాగినచో అరమిల్లీలీటరు వచ్చును. అనగా రోగి శరీరములోనికి పోవునది 20 కాదు, 50 యూనిట్లు. ఇది తలక్రిందులైనచో, అనగా 40 యూనిట్ల సీసా నుండి నారింజమూత సిరంజితో లాగినచో, 20కి బదులు 8 యూనిట్లే పోవును. అదియు తప్పే, కాని దాని వలన చక్కెర పెరుగుట నెమ్మదిగా జరుగును. మొదటిది అట్లు కాదు.

సూది తీసి సిరంజిని పారవేయుచుండగా అమ్మాయి సీసా మీది అక్షరములు చూచినది. అప్పుడు రాత్రి 8 గంటలు. సాధారణమైన రెగ్యులర్ ఇన్సులిన్ చర్మము క్రింద ఇచ్చిన సుమారు అరగంటకు పని మొదలుపెట్టును. రెండు గంటలకును నాలుగు గంటలకును నడుమ దాని బలము హెచ్చుగా నుండును. ఆరు, ఎనిమిది గంటల వరకు కొంత నిలుచును. ఆమె అప్పుడే డ్యూటీ డాక్టరుతో చెప్పినదనుకొనుడు. రోగికి వెంటనే భోజనము పెట్టింతురు, మాటిమాటికి రక్తములోని చక్కెర చూతురు, గ్లూకోజు సీసా సిద్ధముగా నుంచుకొందురు. వేలికి పదిసార్లు సూది గుచ్చినారని రోగి విసుగుకొనును. సాధారణముగా రాత్రి అంతటితో గడచిపోవును. ఆమె "ఏమీ కాదులే" యని ఊరకున్నదనుకొనుడు. 11 గంటలకు వార్డులో దీపములు ఆర్పియుండును. రోగికి చెమటలు పట్టును, చేతులు వణకును. ప్రక్కనున్న బంధువు నిద్రపోయినాడనుకొనును. చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగినదనగానే జాగ్రత్తపడవలెను. ఇంకను దిగినచో మాట తడబడుట, ఫిట్లు, స్పృహ తప్పుట కలుగును. అప్పుడు పరుగెత్తి వచ్చిన డాక్టరు కారణము వెదకవలెను. పక్షవాతమా? జ్వరమా? గుండెజబ్బా? ఒక్క మాటలో తెలియవలసినదానిని చీకటిలో వెదకుటయే అగును. రెండు రాత్రులలోను జరిగిన తప్పు ఒక్కటే. నడుమ మూడు గంటల మౌనము మాత్రమే వేరు.

కావున తప్పు తెలిసిన క్షణమున మొదట చూడవలసినది రోగిని, తన్ను కాదు. ఇన్సులిన్ విషయములో చక్కెర తగ్గియుండి, రోగి తెలివితో నుండి మ్రింగగలిగినచో, 15 గ్రాముల చక్కెర, అనగా సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి త్రాగించి 15 నిమిషములకు మరల పరీక్షింతురు. స్పృహ లేనివానికి నోట ఏమియు పోయరాదు. గ్లూకోజు నరములోనికి ఎక్కించవలెను. పిమ్మట చెప్పుట. చెప్పునపుడు అంకెలతో చెప్పవలెను. "సార్, ఆరో మంచం పేషంటుకు ఇరవైకి బదులు యాభై యూనిట్ల ఇన్సులిన్ వెళ్లింది. ఎనిమిదింటికి ఇచ్చాను. మనిషి తెలివిగానే ఉన్నాడు, షుగరు 180. మీరొకసారి రావాలి సార్." ఇందులో ఏడుపు లేదు, సాకు లేదు, క్షమాపణ కూడ లేదు. వానికి తరువాత సమయము కలదు.

కేస్ షీటులో జరిగినది జరిగినట్లే వ్రాయవలెను. అక్షరములు చెరిపివేయుట, కాగితము చింపుట పొరపాటును నేరముగా మార్చును. తప్పు పడిన పంక్తిపై చదువ వీలగునట్లు ఒక్క గీత గీచి, తేదీ, వేళ వేసి సంతకము చేయుట పద్ధతి. రోగి బంధువులతో డాక్టరు, ఇన్‌చార్జి సిస్టరు కలిసి మాటలాడవలెను. ఆ భారమును కొత్త అమ్మాయి ఒక్కతెపై త్రోసి తాము తప్పుకొనుట పెద్దల లక్షణము కాదు.

ఇంత తెలిసియు చెప్పరేమని అడుగవచ్చును. మన ఆసుపత్రులలో పలుచోట్ల మొదటి ప్రశ్న "ఎవరు చేసినారు?" అని, రెండవది మెమో. "ఎట్లు జరిగినది?" అను ప్రశ్న వచ్చుసరికి అందరును ఇండ్లకు పోయియుందురు. జేమ్స్ రీజన్ అను బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ విషయమును రంధ్రములున్న జున్ను ముక్కల పోలికతో చెప్పెను. ప్రతి రక్షణలోను ఏదో ఒక రంధ్రముండును. ఆ రంధ్రములన్నియు ఒక వరుసకు వచ్చిన దినమున ప్రమాదము రోగిని చేరును. పై ఉదాహరణలో ఫార్మసీ వారు సీసాలు మార్చినారు, సిరంజీలు పాతవే మిగిలినవి. రెండు బలముల సీసాలు ఫ్రిజ్‌లో ఒకే అరలో నున్నవి. డ్యూటీ అప్పగింత నిలువుకాళ్లపై జరిగినది. బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు, సామాన్యాసుపత్రులలో అయిదుగురికి ఒక నర్సు ఉండవలెనని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణము. రాత్రి వార్డులో ముప్పదిమందికి ఒక్కతెగా నిలిచిన అమ్మాయిని ఈ ప్రమాణము గూర్చి అడిగిన నవ్వును. 1999లో అమెరికా దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ప్రకటించిన నివేదిక, ఆ దేశపు ఆసుపత్రులలో చికిత్సా దోషముల వలన ఏటేట 44,000 మొదలు 98,000 మంది మరణించుచున్నారని అంచనా వేసెను. ఆ అంకెలపై తరువాత వాదములు జరిగినవి. తప్పులలో హెచ్చుభాగమునకు కారణము ఏర్పాట్లలోని లోపములే యనియు, అజాగ్రత్తగల వ్యక్తులు కారనియు అది చెప్పిన మాట మాత్రము నిలిచినది. అట్లని సీసా చీటీ చదువని నర్సుకు బాధ్యత లేదని నేననను. ఆమె బాధ్యత ఆమెదే. అది ఆమె ఒక్కతెది కాదు.

నా తొలి సంవత్సరములో ప్రక్కప్రక్క మంచములపై ఒకే పేరుగల ఇద్దరుండగా ఒకరి మాత్ర మరియొకరికి ఇచ్చితిని. చెప్పుటకు పోయినపుడు నా కాళ్లు వణకినవి. హెడ్ సిస్టరు గారు మొదట "పేషంటు ఎలా ఉన్నాడమ్మా?" యని అడిగిరి. డాక్టరు చూచి పోయిన తరువాత, టీ త్రాగమని చెప్పి, ట్రాలీ వద్ద నుండి మంచము వరకు నేను నడచిన త్రోవను మరల నడిపించి చూచిరి. నేను "మీరు వెంకటేశ్వర్లేనా?" అని అడిగితినని తేలినది. సగము నిద్రలో నున్న రోగి దేనికైనను అవుననును. "మీ పేరేమిటి?" అని రోగి నోటనే చెప్పించుట ఆ దినము నుండి నాకు అలవాటైనది. చేతిపట్టీతోను, కేస్ షీటుతోను పోల్చుకొనుట ఆ తరువాతి పని.

మొదటి విధమైన సందేహమునకు ఇట్టి అలవాట్లే తగిన చోటు. మందు అరలోనుండి తీయునపుడు, సిరంజిలోనికి లాగునపుడు, సీసాను తిరిగి పెట్టునపుడు, మూడుసార్లు చీటీ చదువవలెను. ఇన్సులిన్ వంటి మందులను మరియొక నర్సుకు చూపి ఇవ్వవలెను. ఫోనులో చెప్పిన మోతాదును వ్రాసికొని, వ్రాసినది తిరిగి చదివి వినిపింపవలెను. డాక్టరు వ్రాసిన మోతాదు హెచ్చని తోచినచో, "సార్, ఇది ఒకసారి చూస్తారా?" అని అడుగుటకు జంకనక్కరలేదు. కసరుకొను డాక్టర్లును కలరు. ఆ కసురు ఒక నిమిషము.

"నేను తగుదునా?" అను రెండవ సందేహమునకు మందు కాలమే. పాఠశాలలో నేర్చినదానికి, వార్డులో చూచినదానికి పొత్తు కుదరక కొత్త నర్సులు పొందు తాకిడిని మార్లిన్ క్రేమర్ 1974లోనే ఒక గ్రంథముగా వ్రాసెను. 1984లో పట్రీషియా బెన్నర్ నర్సు నైపుణ్యమును అయిదు మెట్లుగా విభజించి, నడుమనున్న మూడవ మెట్టు చేరుటకే ఒకే విధమైన పనిలో రెండు మూడు సంవత్సరములు పట్టునని చెప్పెను. ఆరవ నెలలో చేతులు తడబడుచున్నవని ఏడ్చు అమ్మాయికి ఈ లెక్క ఎవరైనను చెప్పవలెను.

2000లో ఆల్బర్ట్ వూ అను అమెరికా వైద్యుడు, తప్పు చేసి క్రుంగిపోవు వైద్యులను "రెండవ బాధితులు" అనెను. నర్సులకును ఆ మాట చెల్లును. చికిత్సాదోషముల వలన తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములలో కొందరు ఈ పేరును అంగీకరింపలేదు. వారి అభ్యంతరము న్యాయమైనదే. పేరు ఏదైనను బాధ నిజము. డ్యూటీ ముగిసి బస్సు స్టాపు వరకు వచ్చిన తరువాత, సెలైన్ ఆపితినా లేదా యని వెనుకకు పరుగెత్తు అమ్మాయిలను చూచితిని. అట్టివారు చేసిన పనులకు చిన్న పుస్తకములో టిక్కు పెట్టుకొని, అప్పగింత వేళ దానిని చదివి వినిపించుట మేలు. ఇంటికి పోయిన తరువాత కూడ అనుమానము తీరనిచో వార్డుకు ఒక్కసారి ఫోను చేయవచ్చును; రెండవసారి చేయరాదు.

తప్పు జరిగిన దినమున ఒంటరిగా గదిలో పడియుండక, నమ్మకమైన ఒక సహోద్యోగితోనైనను జరిగినదంతయు చెప్పుకొనవలెను. రోగి పేరు బయటపెట్టకుండ ఇంటివారితోను చెప్పవచ్చును. రెండు వారములు దాటినను నిద్ర పట్టక, అన్నము సహింపక, వార్డు గుమ్మము చూడగానే గుండె దడదడలాడుచున్నచో అది పిరికితనము కాదు, చికిత్స పొందవలసిన స్థితి. ఆసుపత్రిలోనే మానసిక వైద్యులుందురు. అక్కడ తెలిసినవారి యెదుట చెప్పుకొనుటకు సిగ్గుపడువారు కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు, 14416 నంబరునకు, ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.