రిజిస్ట్రేషన్ అయిన ప్లాటు చెరువులో తేలితే

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవారు ముందుగా అడిగే మాట ఒకటే: "రిజిస్ట్రేషన్ అవుతుందా?" అవుతుందంటే చాలు, సగం భయం పోతుంది. 2024 జులైలో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలను తొలగించే సర్కారు సంస్థ) ఏర్పడి, చెరువుల్లోని కట్టడాల మీదికి జేసీబీలు వెళ్లాక ఆ ధీమా సడలింది. రిజిస్ట్రేషన్ పత్రాలు చేతిలో ఉన్నవాళ్లూ రోడ్డున పడ్డారు.

ఇదెలా జరుగుతుంది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. రాసిచ్చినవాళ్లు వీళ్లేనా, స్టాంపు డ్యూటీ కట్టారా, ఆ సర్వే నంబరు 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల పట్టిక) ఉందా అని చూస్తారు. పొలం గట్టు మీదికి వచ్చి కొలవరు. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చా అన్న ప్రశ్న ఆ బల్ల దగ్గరికి రానే రాదు.

చెరువు దగ్గర తిరకాసు మరీ ఎక్కువ. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) లోపలి నేలంతా సర్కారుదే కానక్కర్లేదు. శిఖం పట్టాలు (చెరువు ముంపు నేల మీద రైతులకున్న పట్టాలు) ఉంటాయి. నీరు తగ్గాక రైతు అక్కడ పంట వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. అంటే పట్టా అసలుదే, అమ్మేవాడు అసలు యజమానే, రిజిస్ట్రేషనూ సక్రమమే. అయినా ఇంటికి అనుమతి రాదు. మోసం ఎక్కడా కనబడదు కాబట్టే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు.

ఎఫ్‌టీఎల్ దాటాక బఫర్ (కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ) వస్తుంది. భవన నిబంధనలపై 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులున్నాయి. అయితే కొన్నిటి హద్దులు ప్రాథమిక నోటిఫికేషన్ దాటలేదు. అందుకే నీటిపారుదల శాఖ దగ్గర కూడా అడగాలి.

బ్రోచర్‌లో "అప్రూవ్డ్ లేఅవుట్" అని ఉంటే, ఏ అనుమతి అని అడగండి. ముందు డ్రాఫ్ట్ అనుమతి ఇస్తారు, పనులు పూర్తయ్యాకే తుది అనుమతి. రోడ్లు, డ్రైనేజీ వేసేదాకా కొన్ని ప్లాట్లను హెచ్‌ఎండీఏ తనఖా పెట్టుకుంటుంది. మీకు చూపిస్తున్నది ఆ తనఖా ప్లాట్లలోది కాదని నంబరుతో సరిచూసుకోవాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు తప్పనిసరి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. "ప్రీ లాంచ్ ఆఫర్, మొత్తం కడితే తగ్గింపు" అనే బేరం ఈ గీత దాటిందే.

30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీల చిట్టా), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించడం ఎలాగూ చేస్తారు. దాంతోపాటు లైసెన్సున్న సర్వేయరును తీసుకెళ్లి హద్దులు కొలిపించండి. ఏజెంట్లు చెరువులో నీళ్లు కనబడని ఎండాకాలంలోనే కారెక్కించుకుపోతారు. టోకెన్ ఇచ్చేముందు ఒక గట్టి వాన పడిన మర్నాడు మీరే వెళ్లి చూసి రండి.